ముట్టుకోకూడని ముఖం

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ముగ్గురు. హెస్టర్ టానీ, ఆవిడ మొగుడు ఖెర్ట్, ఒరాటిలె. ఖెర్ట్ ఉన్నాడంటే ఉన్నాడు, వరండాలో పడక్కుర్చీలో రేడియో వింటూ నిద్రపోతున్నాడు. మనుషులు కానివాళ్ళని కూడా చెప్పమంటే, వెనక షెడ్డులో గోడకి ఆనించిన రెండు ఒరిక్స్ జింకల తలలు, ఇంకా కళ్ళు పెట్టని ఒక స్ప్రింగ్‌బోక్ జింక, నాలుక మీద రంగు ఆరుతున్న ఒక అడవిపంది ఉన్నాయి. ఒరాటిలె వాటినీ లెక్కలో వేసుకునేది. పొద్దున్నే షెడ్డు తాళం తీయగానే ఒక్కొక్కదాన్నీ లోలోపలే పలకరించేది. మనుషుల్ని పలకరించాలంటే మాత్రం ఆ పిల్లకి గొంతు పెగలదు.

పదిహేడేళ్ళది. సెట్లాగోలె ఊరి బళ్ళో చదువు ఆపేసి ఏడాదిగా టానీ దగ్గర పని నేర్చుకుంటోంది. వేటగాళ్ళు కొట్టిన జంతువుల తోళ్ళు ఉప్పు పట్టించి పంపిస్తే, వాటిని నానబెట్టి, పదును చేసి, ఫోమ్ అచ్చుకి తొడిగి, మళ్ళీ బతికున్నట్టు నిలబెట్టడం ఆ పని. సోమవారం వచ్చి షెడ్డు పక్క గదిలో ఉంటుంది, శుక్రవారం ఇంటికి పోతుంది.

"కో కో!" అని బయట ఎవరో కేక వేశారు. ఆ ఊళ్ళ వైపు తలుపు తట్టరు, నోటితోనే తడతారు.

వచ్చింది ఫెన్యో. నెల్ దొర వేట భూముల్లో ఒరాటిలె వాళ్ళ నాన్నతో కలిసి తోళ్ళు ఒలిచే మనిషి. భుజం మీద గోనెసంచి.

"ఏమే థోలో, బాగున్నావా?" అన్నాడు ఒరాటిలెతో. ఆమె తల ఊపింది. "అబ్బా, మెల్లిగా మాట్లాడవే తల్లీ, నా చెవులు పగిలిపోతున్నాయి."

ఆమె నవ్వాపుకుంటూ బల్ల మీద కాగితాలు తీసింది. ఫెన్యో సంచి దించాడు. కానీ ఎప్పటిలా ఇంకో వేళాకోళం ఆడలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. టోపీ తీశాడంటే ఏదో ఉందని ఒరాటిలెకి అప్పుడే అర్థమైంది.

టానీ సంచి విప్పి తోలు పరిచింది. పెద్ద మగ కూడూ, మెలికల కొమ్ములుండే అడవి జింక. మెడ కింద జూలు, బూడిదరంగు ఒంటి మీద సన్నని తెల్ల చారలు. టానీ కళ్ళజోడు సవరించుకుని భుజాల దగ్గర్నుంచి మెడ దాకా వేళ్ళతో తడిమి చూసింది.

"ఒక్క గాటు లేదు. కొవ్వు చుక్క లేదు. ఇది నీ కత్తి కాదురా ఫెన్యో. నువ్వు ఒలిస్తే ఎలక కొరికినట్టుంటుంది. ఇది సెయాబెలో చెయ్యి."

సెయాబెలో అంటే ఒరాటిలె నాన్న.

"అవును టానీ."

"సెయాబెలో కూడూని ముట్టుకోడు కదా?"

టానీ తల భాగం విప్పింది. వాసన గుప్పున కొట్టింది. చెంప మీద బొటనవేలితో ఇలా రాసిందో లేదో, వెంట్రుకలు కుచ్చుగా ఊడి వేలికి అంటుకున్నాయి. చెవులు తిరగేసి చూసింది. లోపలి మృదులాస్థి తీయలేదు. పెదవులు చీల్చలేదు. కళ్ళ చుట్టూ మాంసం అలాగే ఉంది. ఉప్పు పైపైనే చల్లారు, లోపలికి దిగలేదు.

"మెడ దాకా దేవుడు ఒలిచాడు," అంది టానీ. "ఆ పైన ఎవరూ ఒలవలేదు."

అప్పుడు ఫెన్యో చెప్పుకొచ్చాడు. శనివారం మధ్యాహ్నం ఆస్ట్రియా నుంచి వచ్చిన వేటగాడు దీన్ని కొట్టాడు. ఫెన్యో మేనత్త చనిపోతే మట్టికి వెళ్ళాడు. ఎండ చూస్తే నిప్పులు చెరుగుతోంది. నెల్ దొర సెయాబెలోని ఒలవమన్నాడు. ఫెన్యో వచ్చేదాకా ఆగుదామన్నాడు సెయాబెలో. ఆగేదేంటి, తోలు కుళ్ళిపోతుంది అని దొర నెత్తి మీద నిలబడి అరిచాడు. సెయాబెలో రెండు చేతులకీ ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, మణికట్టు దగ్గర తాడు కట్టుకుని, ఒలిచాడు. చెవుల మొదలు దాకా వచ్చి కత్తి కింద పెట్టేశాడు. మిగతాది ఫెన్యో చేస్తాడు అన్నాడు. ఎన్ని తిట్లు తిట్టినా మళ్ళీ కత్తి ఎత్తలేదు. ఫెన్యో వచ్చింది సోమవారం పొద్దున. అప్పటికే ముఖం వేడెక్కి పాడైపోయింది, ఎలాగో పుర్రె నుంచి ఊడదీసి ఉప్పు చల్లి తెచ్చాడు.

సెయాబెలో వాళ్ళు రొలాంగ్ తెగ మనుషులు, కూడూ వాళ్ళ వంశానికి గుర్తు. కూడూని వాళ్ళు థోలో అంటారు, తమనీ థోలో అనే పిలిపించుకుంటారు. దాన్ని తినరు, దాని తోలు మీద కూచోరు, చచ్చి పడి ఉంటే దాని ముఖం వైపు చూడరు. తండ్రి థోలో అయితే పిల్లలూ థోలోలే. ఫెన్యో వాళ్ళ వంశం గుర్తు మొసలి, కాబట్టి అతనికి ఆ బాధ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఏర్పాటు మీదే వాళ్ళిద్దరి పనీ సాగింది. కూడూ పడితే ఫెన్యో, మిగతావన్నీ సెయాబెలో.

"వేరే కూడూ తోలు వేసేస్తే?" అంది టానీ.

"ఆ ఆస్ట్రియా ఆయన ఒప్పుకోడు. కళ్ళ మధ్య ఆ తెల్లగీత ఉంది చూడు, మధ్యలో కలవదు, వేలెడు ఖాళీ. ఫోటో తీసుకుని పెట్టుకున్నాడు. నాకు ఇదే ముఖం కావాలంటాడు." ఫెన్యో టోపీని రెండు చేతుల్తో నలిపాడు. "దొర ఏమన్నాడంటే, ఇది పనికిరాదని నువ్వు గనక రాసిస్తే, ముఖం ఒలవడం రాని వాడితో నాకు పని లేదు, సెయాబెలో సంచి సర్దుకోవచ్చు అన్నాడు."

"సెయాబెలో ఏమన్నాడు?"

"ఏమంటాడు? 'సరే దొరా' అన్నాడు."

ఫెన్యో వెళ్ళిపోయాక టానీ చాలాసేపు ఆ తోలు ముందే కూచుంది. ఆవిడ వేళ్ళు కీళ్ళవాతంతో అల్లం కొమ్ముల్లా వంకర పోయాయి. పెద్ద పని ఇంకా చేస్తుంది, అచ్చు చెక్కుతుంది, కొమ్ములు బిగిస్తుంది. సన్నపని ఏడాదిగా అంతా ఒరాటిలెదే. ఒక్క కూడూ మాత్రం ఆ పిల్ల దగ్గరికి రానీయదు. కూడూ వస్తే టానీయే ఎలాగో తంటాలు పడుతుంది. సెయాబెలో కూతుర్ని తెచ్చి అప్పగించిన రోజు అడిగింది అదొక్కటే.

"రాసి ఇచ్చేస్తాను," అని లేచింది టానీ. "ముఖం సగం బోడి. దీన్ని బాగుచేసే వేళ్ళు నాకు లేవు."

ఒరాటిలె ఏదో అంది.

"ఏంటే?"

"నేను చేస్తాను."

"గట్టిగా చెప్పు."

"నేను చేస్తాను, టానీ."

టానీ కళ్ళజోడు తీసింది. "నువ్వు థోలో కదే."

"ఊఁ."

"మీ నాన్నకి నేను మాటిచ్చాను."

"నాన్నకి పని పోతుంది."

వరండాలో రేడియో వాన గురించి ఏదో చెబుతోంది. టానీ ఆ పిల్ల ముఖంలోకి చూసి, "నేను చెయ్యమని చెప్పను," అంది. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "వద్దనీ చెప్పను," అంది. రాయడానికి తీసిన కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేసింది.

నాన్నకి చెప్పొద్దు అని అప్పుడే అడగాల్సింది. ఒరాటిలె ఆ వాక్యం మనసులో సిద్ధం చేసుకుంది. రేపు అడుగుదాం అనుకుంది. ఆ రేపు రెండు నెలలైనా రాలేదు.

మొదట రబ్బరు తొడుగులు వేసుకునే చేసింది. తోలుని ఉప్పునీళ్ళలో నానబెట్టి, జారిపోయే వెంట్రుక ఇంక జారకుండా ఆమ్లపు నీళ్ళలో ఉంచి, రోజూ కర్రతో తిప్పింది. లోపలి వైపు పలచగా గీకింది. ఆ పనులన్నీ తొడుగుల్తో అయ్యాయి. ప్లాస్టిక్ సంచుల్తో నాన్న చేసినట్టే నేనూ చేస్తున్నాను, ఆయన తప్పెంతో నాదీ అంతే, అంతకంటే పెరగలేదు అనుకుంది.

కనురెప్ప దగ్గర అది సాగలేదు. పాడైన తోలు మామూలు తోల్లా ఉండదు, తడిసిన వార్తాపత్రికలా చీలికలైపోతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నామో వేలికి తెలియాలి. తొడుగు వేసుకుంటే తెలియదు. ఎడమ కంటి కింద మాంసం తీస్తుంటే రబ్బరు పట్టేసి, రెప్ప గోరంత మేర చిరిగింది. ఒరాటిలె కదలకుండా నిలబడిపోయింది. ఇంకొక్క చిరుగు పడితే ఆ కన్ను మరి కుదరదు.

తొడుగులు తీసి బల్ల చివర పెట్టింది. చేతులు పావడాకి తుడుచుకుంది. "తప్పు నాది, థోలో," అంది. షెడ్డులో ఎవరూ లేరు, అందుకే గొంతు బాగానే వచ్చింది. "నీది కాదు, మా నాన్నది కాదు." అని వట్టి చేత్తో ఆ కంటి తోలు పట్టుకుంది. చల్లగా, మెత్తగా, నీళ్ళలో చాలాసేపు నానిన చిన్నపిల్ల వేలిలా ఉంది.

ఆ తర్వాత మరి తొడుగులు వేసుకోలేదు.

చెవులు తిరగేసి మృదులాస్థి వలిచింది. అంచుల్లో ఉల్లిపొర కంటే పలచగా ఉంది తోలు. ఊడిన వెంట్రుకల కోసం ఉప్పు పెట్టెలో మిగిలిన పాత కూడూ ముక్కలు వెతికింది. ఒకటి మరీ ఎరుపు, ఒకటి మరీ ముదురు. మూడోది కుదిరింది. చెంప మీద రూపాయంత బోడి ఉన్నచోట ఆ ముక్క కత్తిరించి అతికింది. ముక్కు నుంచి చెవి వైపుకి వెంట్రుక ఏ వాలులో పడుతుందో చూసుకుని పెట్టాలి, ఎదురు పెడితే ఎంత రంగు కలిసినా అతుకు అరిచి చెబుతుంది. ముక్క పట్టని చోట పటకారుతో మూడేసి నాలుగేసి వెంట్రుకలు జిగురులో ముంచి నాటింది, వరినాట్లు వేసినట్టు వరసలో. రోజంతా వంగి చేస్తే అరచెయ్యంత అయ్యేది. తెల్లగీత మధ్య వేలెడు ఖాళీ దగ్గర కొలబద్ద పెట్టుకుంది. ఆస్ట్రియా ఆయన పంపిన ఫోటో గోడకి అంటించుకుంది.

శుక్రవారాలు ఇంటికి వెళ్ళేది. నానమ్మ జొన్న సంకటి పెద్ద గిన్నెలో పెట్టి ముగ్గురి మధ్యా ఉంచేది. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆ ముగ్గురే.

"ఏమే, చెంచా తెచ్చుకున్నావ్?" అంది నానమ్మ మొదటి వారం. "తెల్లదాని ఇంట్లో ఉండి తెల్లదానివైపోతున్నావా? రేపు ఫోర్కు కూడా అడుగుతావా?"

"వేలికి గాటు పడింది," అంది ఒరాటిలె.

"చూపించు."

"మానిపోయింది."

"మానిపోతే చెంచా ఎందుకే?"

నాన్న నవ్వాడు. "తిననీ అమ్మా. చెంచాతో తింటే గిన్నెలో మనకి ఎక్కువ మిగులుతుంది."

ఆయన ఆ రోజుల్లో ఎప్పుడూ లేనంత తేలిగ్గా ఉన్నాడు. వేట భూముల్లో పని ఇంకా చేస్తూనే ఉన్నా, పోయిందనే లెక్క వేసేసుకున్నాడు. ఊళ్ళో ఎవరి మేకలు కాయొచ్చో, ఇంటి వెనక పందిరి ఎలా వేసుకోవచ్చో చెప్పేవాడు. ఒకసారి తినడం అయ్యాక చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "ముఖం దాకా వెళ్ళి ఆగాను కదమ్మా. ఒళ్ళు ముట్టుకున్నాను, అది నాకు తెలుసు. కానీ ముఖం దగ్గర ఆగాను. దానికోసం పని పోతే పోనీ."

మనసు రాయి చేసుకుని మాకోసం అలా అంటున్నాడు అనుకుంది ఒరాటిలె. ఇంకో వారం, నాన్నా, ఇంకో వారంలో నీకే తెలుస్తుంది అనుకుంది.

ఆ వారంలోనే, అచ్చుకి తొడిగి కుట్టిన తోలు ఆరుతూ బిగుసుకుని, చెంప అతుకు విచ్చుకుంది. వేలు పట్టేంత చీలిక. అచ్చు తెల్లగా కనిపిస్తోంది. టానీ చూసి నాలుక చప్పరించి, "నేను ముందే చెప్పాను," అని వెళ్ళిపోయింది. ఒరాటిలె ఏడవలేదు. తడి దూది పెట్టి రెండు రోజులు ఆ చెంప మెత్తబరిచింది. కుట్లు విప్పి మెడ దగ్గర్నుంచి తోలు కొద్దికొద్దిగా పైకి తోసుకొచ్చి, మళ్ళీ కుట్టి, చుట్టూ గుండుసూదులు గుచ్చింది. ఈసారి నిలబడింది. చివర్లో ముక్కు మీద, కళ్ళ మూలల్లో రంగు వేసింది. గాజు కంటి మీద దుమ్ము తుడిచింది.

టానీ వచ్చి చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఖెర్ట్‌ని లేపి తీసుకొచ్చి చూపించింది. "ఏ చెంపో చెప్పు," అంది.

ఆయన కళ్ళు నులుముకుని చూసి, "ఏ చెంప ఏంటి?" అన్నాడు.

"అదీ!" అని టానీ ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచింది. నెల్ దొరకి ఫోను చేసి పని అయిందని చెప్పింది.

శుక్రవారం బండి వచ్చింది. ఫెన్యో నడుపుతున్నాడు, పక్కన నాన్న. ఒరాటిలె ఎప్పటిలాగే వాళ్ళతో ఇంటికి వెళ్ళడానికి సంచి సర్దుకుని షెడ్డు దగ్గర నిలబడింది. నాన్న కూడూ ముఖం వైపు చూడకుండా ముందు దాని మీద దుప్పటి కప్పాడు. ఆ తర్వాతే ఫెన్యో, ఆయనా కలిసి బండిలోకి ఎక్కించారు. తాళ్ళు బిగించి దిగి, టానీ ముందుకొచ్చి టోపీ తీశాడు.

"దొర ఫోన్లో చెప్పాడు, అమ్మా. నా పని ఉంది అన్నాడు. నీ చేతులు ఎప్పటికీ చల్లగా ఉండాలి. ఇంత కష్టం నా గురించి పడ్డావు."

ఒరాటిలె టానీ వైపు చూసింది. రెండు నెలలు మనసులో మోసిన వాక్యం అంతా ఆ చూపులో పెట్టింది. కానీ టానీ తన వంకర వేళ్ళ వైపు చూసుకుంటోంది. ఎవరో చేసిన పనికి తను మెప్పు తీసుకోవడం ఆవిడ జన్మలో ఎరగదు.

"నాకు కాదు సెయాబెలో. ఈ వేళ్ళతో సూదిలో దారం కూడా ఎక్కదు. ఆ ముఖం మొత్తం నీ కూతురు చేసింది. కళ్ళు, పెదవులు, చెవులు, అన్నీ. నలభై ఏళ్ళలో అలాంటి పని నేను చూడలేదు."

ఫెన్యో "అయ్యో టానీ" అన్నాడు.

నాన్న టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. కూతురి వైపు తిరగలేదు. బండెక్కి, "పోనీ," అన్నాడు ఫెన్యోతో. ఫెన్యో ఒరాటిలె వైపు చూశాడు, మళ్ళీ ఆయన వైపు చూశాడు. "పోనీ," అన్నాడు నాన్న ఇంకోసారి.

తొమ్మిది కిలోమీటర్లు నడిచింది ఒరాటిలె. టానీ వెనక నుంచి ఏదో పిలిచింది, వినలేదు. దారిలో ముళ్ళకంపల పక్క మేకలు ఆగి చూశాయి. ఊరు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు నీళ్ళ డబ్బాలు దించుకుంటున్నారు. ఎవరో పలకరిస్తే తల ఊపింది.

నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గుమ్మం ముందు నేల మీద ఆమె పెట్టె ఉంది.

"తొడుగులు వేసుకున్నావా?" అన్నాడు.

అబద్ధం చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉన్న గొంతు అది. ఒరాటిలెకి అది తెలిసింది.

"మొదట వేసుకున్నాను. తర్వాత లేదు."

"కళ్ళు?"

"ఊఁ."

"నోరు?"

"ఊఁ, నాన్నా."

"ఆ చేత్తోనే ఈ ఇంట్లో సంకటి తిన్నావు."

"చెంచాతో తిన్నాను," అంది.

ఆ మాటకి ఆయన ముఖం ఒక్కసారి కదిలిపోయింది. గుమ్మం కమ్మీ పట్టుకున్నాడు. "అయితే తెలియక చెయ్యలేదు," అన్నాడు. "తప్పని తెలుసు. నానమ్మకీ నాకూ అంటకూడదనీ తెలుసు."

"నీ పని పోకూడదని చేశాను."

"పోతే పోయేది కదే! దొర నెత్తి మీద నిలబడి అంత మాటన్నా నేను ఆ ముఖం ముట్టుకోలేదు. నాకంటూ ఉన్నది అదొక్కటి. రేపు వెళ్ళి కత్తి పట్టుకోవాలి నేను. నా కూతురు నా బదులు ఆ ముఖం ఒలిచిందని తెలిసి పట్టుకోవాలి."

లోపల్నుంచి నానమ్మ గొంతు వినిపించింది. "సెయాబెలో, పిల్లని లోపలికి రానీరా. మందుచెట్టు ఆకు వేసి నీళ్ళు కాస్తాను. చేతులు కడిగిద్దాం."

"కడిగితే పోయేదైతే నేను ఆ శనివారమే కడుక్కునేవాణ్ణి కదమ్మా."

ఒరాటిలె చేతులు వెనక్కి పెట్టుకుంది. జీవితంలో నాన్నతో ఎప్పుడూ అంత పొడుగు మాట మాట్లాడలేదు. "అమ్మది మొసలి కదా నాన్నా. సగం నేను అమ్మని కూడా కదా. ఆ సగంతో చేశాననుకో."

ఆయన ఆమె వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే బాగుండేది.

"అలాగే అనుకుంటాను," అన్నాడు. "మీ మేనమామలు మొసలి వాళ్ళు. నీకు అక్కడ చోటుంటుంది. పెద్దవాడికి కబురు పెట్టాను, ఫెన్యో బండి తెస్తాడు."

"నాన్నా."

"పెట్టెలో నీ స్వెటరు కూడా పెట్టాను. అక్కడ చలెక్కువ."

నానమ్మ లేచి వస్తున్న చప్పుడైంది, కర్ర నేలకి తగులుతోంది. ఆవిడ గుమ్మం దాకా వచ్చేలోపే నాన్న లోపలికి జరిగి తలుపు వేశాడు.